వైద్య పత్రికలకు పంపే వ్యాసాలలో ఆధారాల కూర్పు

పురుగుమందుల విషప్రభావం, ఆహారంలో జింకు లోపం వంటి అంశాలపై వైద్యులతో కలిసి వ్యాసం రాసే వ్యవసాయ శాస్త్రవేత్తకు తొలి చిక్కు ఆధారాల వద్దనే ఎదురవుతుంది. రచయిత పేరు, సంవత్సరం పేర్కొనడం మనకు అలవాటు. వైద్య పత్రికలలో అధికభాగం వాంకూవర్ పద్ధతిని పాటిస్తాయి. 1978లో కెనడాలోని ఆ నగరంలో సమావేశమైన వైద్య పత్రికా సంపాదకులు దీనికి రూపమిచ్చారు. వ్యాసంలో మొదట ప్రస్తావనకు వచ్చిన క్రమంలో ఆధారాలకు సంఖ్యలు ఇవ్వాలి. అదే ఆధారం మళ్లీ వస్తే పాత సంఖ్యే వాడాలి. ఒక పేరాను ముందుకు జరిపితే సంఖ్యలు తారుమారవుతాయి. జొటెరో వంటి సాఫ్ట్‌వేర్ ఈ శ్రమను తప్పిస్తుంది గాని, తప్పుగా నమోదైన పేరును సరిదిద్దదు.

తెలుగువారికి అసలు ఇబ్బంది పేర్లతోనే. ఈ పద్ధతిలో ముందు ఇంటిపేరు, తరువాత చుక్కలు లేని పొడి అక్షరాలు రాయాలి. భాస్వర నిర్ధారణపై 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు ప్రకటించిన వ్యాసాన్ని మన ప్రయోగశాలలలో ఎరుగనివారు అరుదు. అది జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో 375–400 పుటలలో ఉంది. జాబితాలలో ఆయన ‘సుబ్బారో వై’. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది! అభిమానంతో దానిని ‘యల్లాప్రగడ ఎస్’గా మార్చితే పాఠకునికి ఆ వ్యాసం దొరకదు. అచ్చయిన రూపమే ప్రమాణం. పుటల సంఖ్యలను కూడా ఇతరుల జాబితా నుండి దించుకోక, మూల వ్యాసం తెరిచి చూడాలి.

విద్యార్థులు తమ పేరు ఏ రూపంలో ఉండాలో తొలి వ్యాసం పంపేముందే నిర్ణయించుకొని, ఆర్సిడ్ గుర్తింపు సంఖ్యను కూడా అప్పుడే పొందాలి.