డేటాబేస్ అన్నయ్యల ఆదివారం నడక

డీబీఎంఎస్ అంటే మనకి ఒక సబ్జెక్ట్. నార్మల్ ఫారమ్స్, ఈఆర్ డయాగ్రమ్స్, ఎస్‌క్యూఎల్ ల్యాబ్ రికార్డు, వైవా. అంతటితో అయిపోతుంది. కానీ దాన్నే ఉద్యోగంగా చేసేవాళ్లున్నారు. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లు, పొట్టిగా డీబీఏలు. వీళ్లకి మన సిలబస్‌లో లేని ఒక అలవాటుంది. అప్పుడప్పుడూ ఊరికే కలుస్తారు. స్లైడ్స్ ఉండవు, మేనేజర్ ఉండడు. కాఫీ తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు, కొందరు కలిసి పరిగెడతారు కూడా.

డేటాబేస్‌కీ పరుగుకీ ఏంటి సంబంధం? అందులోకి మగవాళ్ల ఆరోగ్యం ఎలా వచ్చింది? ఈ రెండూ వివరిస్తాను. మాది జగ్గయ్యపేట. మా మెట్ట ప్రాంతంలో, పేటకీ నందిగామకీ మధ్య, ఈ అలవాటు చిన్న రూపంలో నడుస్తోంది. దాని గురించి కూడా చెప్తాను.

అసలు ఎందుకు కలుస్తారు?

యాభై మంది డెవలపర్లున్న టీమ్‌లో డీబీఏలు ఒకరో ఇద్దరో ఉంటారు. అంతా బాగా నడుస్తుంటే వాళ్ల పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. సర్వర్ స్లో అయిన రోజు మాత్రం అన్ని ఫోన్లూ వాళ్లకే. అర్ధరాత్రి అలర్ట్ వస్తే లేవాలి. బ్యాకప్ పనికిరాలేదని తెలిసిన క్షణంలో ఒళ్లు ఎలా చల్లబడుతుందో పక్క సీటువాడికి చెప్పినా అర్థం కాదు. అర్థమయ్యేవాడు ఇంకో కంపెనీలోనో, ఇంకో ఊళ్లోనో ఉంటాడు. అందుకే వాళ్లు కంపెనీ గోడ దాటి కలుసుకోవడం మొదలుపెట్టారు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్ల కోసం 1999లో 'పాస్' అనే సంఘం వచ్చింది. 2007 నవంబర్ 10న అమెరికాలోని ఓర్లాండోలో మొదటి 'ఎస్‌క్యూఎల్ శాటర్డే' జరిగింది. పేరుకి తగ్గట్టే శనివారం, రోజంతా పాఠాలు, చెప్పేవాళ్లు కూడా వాలంటీర్లే. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకి పాకింది. కరోనా దెబ్బకి పాస్ సంఘం 2021 జనవరిలో మూతపడింది కానీ శనివారాలు మాత్రం ఆగలేదు. మన దేశంలో ఒరాకిల్ వాడేవాళ్లకి ఆల్ ఇండియా ఒరాకిల్ యూజర్స్ గ్రూప్ ఉంది. వాళ్ల పెద్ద సమావేశం పేరు 'సంగమ్'.

ఇలాంటి చోట్ల పాఠాలు హాల్లో జరుగుతాయి. అసలు మాటలు మాత్రం హాలు బయట, టీ కప్పుల దగ్గర జరుగుతాయి. కొన్నాళ్లకి ఆ బయటి మాటల కోసమే విడిగా కలవడం మొదలైంది.

పరుగు ఎలా వచ్చింది?

పాస్ వాళ్ల వార్షిక సమ్మిట్ చాలా ఏళ్లు సియాటిల్‌లో జరిగింది. అక్కడ కొందరు పొద్దున్నే, సెషన్లు మొదలవకముందే కలిసి పరిగెత్తేవాళ్లు. దానికి 'ఎస్‌క్యూఎల్ రన్' అని పేరు పెట్టుకున్నారు. అది పోటీ కాదు. గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు.

దీనికి కారణం సింపుల్. సమ్మిట్ అంటే రోజంతా కూర్చోవడం, మధ్యలో తినడం. పైగా కొత్తగా వచ్చినవాడు వేలమంది మధ్య ఒంటరిగా నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఎవరి దగ్గరికెళ్లి ఏం మాట్లాడాలో తెలీదు. అదే పక్కపక్కన పరిగెడుతుంటే మాట దానంతటదే వస్తుంది. రాకపోయినా ఇబ్బంది ఉండదు, ఆయాసం మీదకి నెట్టేయొచ్చు.

మనవైపు చూస్తే హైదరాబాద్ రన్నర్స్ సంఘం 2007 నుంచీ ఉంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఐటీ కంపెనీల టీషర్టులు వేసుకుని పరిగెత్తేవాళ్లు బోలెడంతమంది కనిపిస్తారు.

కుర్చీ లెక్క

ఇదంతా సరదాకే అనుకుంటే ఒక లెక్క చూడండి. హైదరాబాద్‌లోని 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి, 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఒక అధ్యయనం వేశారు. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది. 71 శాతం మందికి ఊబకాయం. దీనికి మందు అలవాటే ఉండక్కర్లేదు. గంటల తరబడి కూర్చోవడం, వేళ తప్పిన తిండి, చాలని నిద్ర కూడా మనిషిని అటే తోస్తాయి.

డీబీఏకి ఇంకో తిప్పలుంది. అమెరికా వాళ్ల పగలు మనకి రాత్రి. వాళ్ల ఆఫీసు టైమ్‌లో సపోర్ట్ ఇవ్వాలంటే ఇక్కడ రాత్రంతా మేలుకోవాలి. రెండింటికి ఆకలేస్తే చిప్స్ ప్యాకెట్టో, పొద్దున మిగిలిన బజ్జీలో. తెల్లారాక నిద్ర. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకి ఇరవై రెండు నిమిషాలు కూడా కాదు. అది కూడా కుదరని ఉద్యోగాలివి.

మగవాళ్లు ఎందుకు చెప్పరు?

2003లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇద్దరు స్నేహితులు సరదాగా మీసాలు పెంచుదామనుకుని ఓ ముప్పై మందిని పోగేశారు. మరుసటి ఏడాది నుంచి అది ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం విరాళాల ఉద్యమం అయింది. అదే 'మోవెంబర్'. ఇప్పుడు నవంబర్ వస్తే చాలా దేశాల్లో ఆఫీసుల్లో మీసాలు మొలుస్తాయి. 'ఏంటా మీసం?' అని ఎవరో ఒకరు అడుగుతారు. అలా అడగ్గానే ఆరోగ్యం మాట మొదలవుతుంది. మీసం అక్కడ ఒక సాకు మాత్రమే.

అదే ఆస్ట్రేలియాలో 'మెన్స్ షెడ్స్' అని ఇంకోటి ఉంది. రిటైరైన మగవాళ్లు ఒక షెడ్డులో చేరి చెక్కపని లాంటివి చేసుకుంటారు. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడరు, భుజం పక్కన భుజం పెట్టి పని చేస్తుంటే మాట్లాడతారని వాళ్ల నమ్మకం.

ఇది మనకి కొత్తేం కాదు. మన ఊళ్లలో మగవాళ్లు మనసులో మాట ఎక్కడ చెప్తారో గమనించండి. బండి మీద వెనక కూర్చుని, పొలం గట్టు మీద నడుస్తూ, మిర్చి కల్లంలో రాత్రి కాపలా పడుకుని చీకట్లో. ఇద్దరూ ఒకవైపే చూస్తుంటే మాట తేలిగ్గా వస్తుంది. 'కూర్చో, నీ సమస్యేంటో చెప్పు' అంటే మాత్రం 'ఏం లేదు, బానే ఉన్నా' అనే జవాబొస్తుంది.

ఆ 'బానే ఉన్నా' ఖరీదు చిన్నది కాదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2021లో మన దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతి వందమందిలో 72 మందికి పైగా మగవాళ్లే.

పేట, నందిగామ

కరోనాతో చాలామంది లాప్‌టాప్ పట్టుకుని ఊళ్లకొచ్చేశారు. కొందరు తిరిగి వెళ్లలేదు. మా పెదనాన్నగారబ్బాయి అలాగే జగ్గయ్యపేటలో ఉండిపోయాడు. డీబీఏ, రాత్రి డ్యూటీ. నందిగామలో ఇద్దరు, పేటలో ఇంకో ఇద్దరు ఇదే పనిలో ఉన్నారని తెలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. మొదట్లో క్వెరీలు, సర్టిఫికేషన్ డౌట్లే. తర్వాత ఎవరో 'ఓసారి కలుద్దాం' అన్నారు. ఇప్పుడు రెండు వారాలకోసారి ఆదివారం కలుస్తారు. ఒకసారి పేటలో, ఒకసారి నందిగామలో. 65వ నంబర్ జాతీయ రహదారి మీదే రెండు ఊళ్లూ కాబట్టి బస్సెక్కితే వచ్చేయొచ్చు.

టైమ్ పొద్దున ఐదున్నర. మావైపు ఎండాకాలం సంగతి తెలుసుగా, ఎండల వార్తల్లో నందిగామ పేరు తరచూ వస్తుంది. ఎనిమిది దాటితే నడక కాదు, శిక్ష. శనివారం రాత్రి డ్యూటీ ఉండదు కాబట్టి ఆదివారం అందరికీ కుదురుతుంది. వచ్చేది ఐదుగురో, ఎనిమిదిమందో. డేటా ఇంజినీర్‌గా చేసే ఒక అక్క కూడా వస్తారు, అందరికంటే ముందు నడిచేది ఆవిడే.

రూల్స్ రెండే. వెళ్లేటప్పుడు డేటాబేస్ మాటలు. వచ్చేటప్పుడు ఏదైనా. చివర్లో ఇడ్లీ, అల్లం చట్నీ. పునుగులు నెలకోసారే అని ఒప్పందం, అది ఎవరూ పాటించరు.

సెలవుల్లో నేనూ మూడుసార్లు వెళ్లాను. రెండోసారి నందిగామలో. వెళ్లేటప్పుడు రెప్లికేషన్ ల్యాగ్ గురించి పెద్ద చర్చ, నాకు సగం అర్థమైంది. తిరిగొచ్చేటప్పుడు ముప్పై నాలుగేళ్ల అన్నయ్య ఒకాయన, ఎవరి వైపూ చూడకుండా, 'ఈమధ్య మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోందిరా' అన్నాడు. ఎవరూ ఆగలేదు. ఎవరూ సలహాలు మొదలుపెట్టలేదు. నాలుగడుగులు వేశాక పక్కనున్న ఆయన, 'నాకు కిందటేడు బీపీ నూట అరవై బై నూరు వచ్చింది. మాత్ర వేసుకుంటున్నా. రేపు పొద్దున నేనూ వస్తా, చూపించుకుందాం పద' అన్నాడు. అంతే. మళ్లీ సర్వర్ గురించి మాట్లాడుకున్నారు.

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. బీపీ ఎక్కువే ఉంది, షుగర్ అంచు మీదుంది. డాక్టర్ మందులు రాశారు, ఈసీజీ తీయించారు. ఇప్పుడు అదుపులో ఉందంటున్నాడు.

ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు. మా ఇంట్లో కాదు. మా పెదనాన్న యాభై నాలుగేళ్లకి గుండెపోటుతో పోయారు. ఆయనకి బీపీ ఉందన్న సంగతి ఆ రోజు హాస్పిటల్లోనే తెలిసింది. ఆయాసం ఆయనకీ వచ్చే ఉంటుంది. చెప్పడానికి పక్కన నడిచే మనిషి లేడు. మా అన్నయ్య ఐదింటికి అలారం పెట్టుకుని లేవడానికి కారణం అదే.

మన భాషలో చెప్పుకుంటే

డీబీఏ మొదట చేసే పని బేస్‌లైన్ తీసుకోవడం. మామూలు రోజున నంబర్లు ఎలా ఉంటాయో తెలిస్తేనే తేడా వచ్చినప్పుడు తెలుస్తుంది. మనకి కూడా అంతే.

బీపీ: 120/80 లోపు మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, అంతకంటే ఎక్కువే వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

పరగడుపున షుగర్: 100 లోపు ఉండాలి. 126, ఆపైన మళ్లీ చూసినా వస్తే డయాబెటిస్.

నడుము: మనదేశపు మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఆడవాళ్లకి 80. ప్యాంట్ సైజు చూసి చెప్పకండి, ప్యాంట్ మనం బొడ్డు కిందకి వేస్తాం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు పెట్టి కొలవాలి.

ముప్పై దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్నని తీసుకెళ్లండి.

మన వయసు అబ్బాయిలకి రెండు అలర్ట్‌లు. మనం సిగ్గుతో మూసేసే అలర్ట్‌లు కూడా ఇవే. వృషణాల్లో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. లోపల మెలి పడి రక్తం అందకపోతే సుమారు ఆరు గంటల్లోపే ఆపరేషన్ జరగాలి. రెండోది, నొప్పి లేకపోయినా అక్కడ గట్టిగా గడ్డలా తగిలితే చూపించుకోవాలి. అక్కడొచ్చే క్యాన్సర్ కుర్రవాళ్లలోనే ఎక్కువ, త్వరగా కనిపెడితే చాలావరకు నయమవుతుంది.

మనసు బాగోకపోతే టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, ఏ వేళైనా, తెలుగులో మాట్లాడొచ్చు.

మన క్యాంపస్‌లో?

ఇలాంటిది పెట్టడానికి స్పాన్సర్ అక్కర్లేదు, పోస్టర్ అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, మారని ఒక టైమ్, చివర్లో టిఫిన్ ఉంటే చాలు. 'మగవాళ్ల ఆరోగ్య అవగాహన సదస్సు' అని బ్యానర్ కడితే ఎవరూ రారు, నేనూ రాను. 'డీబీఎంఎస్ డౌట్లు, నడుస్తూ' అంటే వస్తారు. ఎవరైనా ఏదైనా చెప్తే అక్కడికక్కడే డాక్టర్ అయిపోకండి, వీడియో లింకులు పంపకండి. 'పద, నేనూ వస్తా' అనండి, నిజంగానే వెళ్లండి.

వచ్చే శనివారం పొద్దున ఆరింటికి నేను హాస్టల్ మెట్ల దగ్గర ఉంటాను. గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, తర్వాత క్యాంటీన్. మొదటి రెండు రౌండ్లు ఇండెక్సింగ్ గురించి. మిగతా రెండూ మీ ఇష్టం.