బర్గండీ పల్లెల్లో భోజనం

ఫ్రాన్సు పేరు చెప్పగానే మనవారికి పారిస్ నగరమూ, ఈఫెల్ గోపురమూ జ్ఞాపకం వస్తాయి. యానాం కుటుంబాలవారికైతే 1954 వరకు సాగిన ఫ్రెంచి పరిపాలన కూడా గుర్తుకు రావచ్చును. కాని ఆ దేశపు అసలు రుచి తెలియాలంటే నగరం విడిచి పల్లెపట్టుకు పోవలసిందే. సెలవులకు అటు వెళ్లే తెలుగువారు ఈనాడు తక్కువేమీ కాదు. అట్టివారికి ఉపకరించేటట్లు తూర్పు ఫ్రాన్సులోని బర్గండీ సీమను గురించి నాలుగు మాటలు చెప్పుకొందాం.

పారిస్‌లో వేగపు రైలు ఎక్కితే సుమారు గంటన్నరలో దిజోన్ పట్టణం చేరవచ్చు. అక్కడికి దక్షిణంగా మరి ఇరవై నిముషాల ప్రయాణంలో బోన్ అనే చిన్న ఊరు. దిజోన్ మొదలు సాంతెనే గ్రామం వరకు దాదాపు 60 కిలోమీటర్ల మేర గుట్టవాలు పొడుగునా ద్రాక్షతోటలే. ఎర్రవైనుకు పినో న్వార్, తెల్లవైనుకు షార్దొనే - ముఖ్యమైన ద్రాక్షజాతులు ఈ రెండే. అయినా ఈ మడిలోని పంటకూ, గట్టు దాటితే ఉన్న మడిలోని పంటకూ రుచి వేరని అక్కడి రైతుల పట్టుదల. ఇట్టి మళ్లను వారు ‘క్లిమా’లంటారు. అటువంటివి 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఒక చోటి పేరును మరొక చోటి వైనుకు పెట్టకుండా 1935 నుంచి ఫ్రాన్సులో గట్టి చట్టమున్నది. మన బంగినపల్లి మామిడికి 2017లో లభించిన భౌగోళిక గుర్తింపు కూడా ఈ కోవలోనిదే.

బోన్ ఊరిలో తప్పక చూడవలసినది 1443లో బీదల కోసం కట్టిన ధర్మాసుపత్రి. రంగుల పెంకులతో దాని పైకప్పు కన్నులపండువుగా ఉంటుంది. దాతలు దానికి ద్రాక్షతోటలు రాసి ఇచ్చారు. ఆ తోటల వైనును 1859 నుంచి ఏటా నవంబరులో వేలం వేసి, వచ్చిన సొమ్మును వైద్యసేవకు వినియోగిస్తున్నారు.

ఇక భోజనం సంగతి. పల్లె హోటళ్లలో మధ్యాహ్న భోజనం పన్నెండు మొదలు రెండు గంటల లోపుననే. ఆ తరువాత పోతే పొయ్యి ఆర్పేసి ఉంటుంది. లోపలికి అడుగుపెడుతూ ‘బోఁజూర్’ అనకపోవటం అమర్యాద. ముందు చిరువంటకం, తరువాత ప్రధాన వంటకం, ఆపైన జున్ను వంటి చీజు, చివరకు తీపి - ఇదీ వరుస. అన్నీ ఒకేసారి వడ్డించరు. రొట్టె మటుకు ఆద్యంతం ఉంటుంది, మనకు అన్నం ఉన్నట్లు. మామూలు కూజానీళ్లు అడిగితే ఉచితంగానే ఇస్తారు. కొందరు రైతులు తమ ఇంటనే గదులు అద్దెకిస్తారు. ముందుగా చెప్పి ఉంచితే రాత్రి వారి బల్ల దగ్గరనే భోజనం పెట్టేవారూ ఉన్నారు. ఆ సీమ రుచి ఎరగడానికి ఇంతకు మించిన మార్గం లేదు.

శాకాహారులు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఆ సీమలో పేరుపొందిన వంటలు వైనులో ఉడికించిన గొడ్డుమాంసమూ, వెల్లుల్లి వెన్నతో వండిన నత్తలూ. ఎర్రవైనులో ఉడికించిన గుడ్ల కూరలో సైతం పందిమాంసపు ముక్కలు పడతాయి. ‘గుజేర్’ అనే చీజు బూరెలు బాగుంటాయి కాని వాటిలో గుడ్డు ఉంటుంది. పాతపద్ధతి చీజులను దూడ పొట్టనుంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. పట్టింపు గలవారు ముందుగా అడిగి తెలుసుకోవటం మేలు.

వైను తాగని వారికి చిన్నతనమేమీ లేదు. తోటలు చూచి, నేలమాళిగల్లో పీపాలు చూచి రావచ్చు. రుచి చూచేవారు పుక్కిలించి పక్కనున్న పాత్రలో ఉమిసినా ఎవరూ తప్పుపట్టరు. కారు నడిపేవారు అట్లా చేయటమే క్షేమం. లీటరు రక్తంలో అరగ్రాము మద్యం తేలితే శిక్ష తప్పదు.

ఇంతకూ తెలుగువాడి నాలుకకు అక్కడ చుట్టరికం కలిపేది వైను కాదు, ఆవ! దిజోన్ ఆవముద్ద లోకప్రసిద్ధం. దానికి వాడే ఆవాలు మన పోపుల డబ్బాలోని ఆవాల జాతివే. బోన్‌లో 1840 నాటి ఫాలో వారి కర్మాగారంలో నేటికీ రాతి తిరగళ్లతో నూరటం చూడవచ్చు. ఆవగింజ నలిగి తడి తగిలితేనే ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఘాటు పోతుంది. అందుకనే ఫ్రెంచి గృహిణి కూర దించబోయే ముందు ఆవముద్ద కలుపుతుంది. మన ఇళ్లలో పనసపొట్టు కూరకు ఆవ పెట్టేదీ పొయ్యి మీదనుంచి దించిన తరువాతనే గదా!

అయితే ‘దిజోన్ ఆవ’ అనేది ఊరిని బట్టి వచ్చే హక్కు కాదు, తయారుచేసే తీరుకు పెట్టిన పేరు. చాలా గింజలు కెనడానుంచి వస్తాయి. 2021లో అక్కడ ఎండలకు పంట పోగా, 2022లో ఫ్రాన్సు అంగళ్లలోనే ఆవముద్ద దొరకక జనం అల్లాడారు. ఆ సీమ గింజలతో, ఆ సీమ తెల్లవైనుతోనే చేసే ‘బుర్గోన్య్ ఆవ’కు 2009నుంచి వేరే గుర్తింపు ఉన్నది.

ఇందులో మనం ఆలోచించవలసిన విషయ మొకటి ఉన్నది. వైను మట్టిని నమ్ముకొన్నది. ఆవ చేతిని నమ్ముకొన్నది. తరాల కిందట బరంపురం, హోసూరు, మధుర, షోలాపురం వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాల వంట ఈ రెండవ తెగకు చెందినది. మట్టి మన వెంట రాలేదు, చేతులు వచ్చాయి. మట్టికి చట్టం కాపలా ఉంటుంది. చేతి పనితనానికి మాత్రం నేర్చుకొనే చెయ్యి తప్ప వేరే కాపలా లేదు. కాబట్టి ఇంట్లో పెద్దలు ఆవ నూరేవేళ పిల్లలను పక్కన కూర్చోబెట్టి ఆ పని వారి చేత చేయించటం మంచిది.