గొర్రెల మంద నుంచి జాతీయ లెక్క దాకా

అనంతపురం మెట్టల్లో వాన తప్పి వేరుశనగ ఎండితే చాలా ఇళ్లను నిలబెట్టేది గొర్రెల మందే. నెమరువేసే ఈ జీవాలు త్రేన్పులతో మీథేన్ వదులుతాయి. దీన్ని మంద దగ్గర ఎవరూ కొలవరు. జీవాల సంఖ్యను ఉద్గార గుణకంతో హెచ్చిస్తారు. ఐ.పి.సి.సి. 2006 మార్గదర్శకాల్లో వర్ధమాన దేశాల గొర్రెకు గుణకం ఏటా 5 కిలోలు. మీ మందలో 100 గొర్రెలుంటే 500 కిలోలు. దీన్ని కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చేటప్పుడు పాత విలువ 21తో హెచ్చిస్తే 10.5 టన్నులు, కొత్త విలువ 28తో అయితే 14 టన్నులు. గమనించండి, మందలో ఒక్క గొర్రె కూడా పెరగలేదు! అందుకే పారిస్ ఒప్పందపు నియమాలు అన్ని దేశాలకూ ఒకే పట్టికను నిర్ణయించాయి. అయితే ఆ 5 కిలోలు 45 కిలోల బరువున్న గొర్రెకు వేసిన అంచనా. కరువు మేతతో పెరిగే మన గొర్రె సాధారణంగా అంతకన్నా తేలిక. కాబట్టి ఏ దేశమైనా సొంత గుణకం వాడవచ్చు. దాన్ని ఎలా రాబట్టిందో మాత్రం నివేదికలో చూపాలి.