సెల్ఫ్‌ మొరాయిస్తే...

పిల్లాడికి పరీక్ష టైమవుతోంది. స్కూటర్‌ బటన్‌ నొక్కితే ‘టక్‌’మని ఊరుకుంది. మెకానిక్‌కి ఫోన్‌ చేసేముందు ఆ చప్పుడు సరిగా వినండి. జబ్బేమిటో సగం అదే చెబుతుంది.

అసలు చప్పుడే లేదా? ముందు మన పొరపాటేమో చూసుకోవాలి. చాలా స్కూటర్లలో బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్‌ పనిచేస్తుంది. కొన్నింటికి సైడ్‌స్టాండ్‌ తీయాలి. అవన్నీ బాగుంటే ఫ్యూజు చూడాలి.

‘టక్‌ టక్‌’మని ఆగిపోతుంటే అనుమానం బ్యాటరీ మీదే. హారన్‌ కూడా నీరసంగా మోగితే చార్జింగ్‌ లేనట్టే. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. 12కి తగ్గితే మోటారు తిరగడం కష్టం. టర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పొడి పేరుకున్నా కరెంటు సరిగా అందదు. తాళం తీసేసి, ముందు నల్లవైరు, తర్వాత ఎర్రవైరు విప్పి, వంటసోడా నీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆరాక ఎర్రది ముందు, నల్లది ఆఖర్న బిగించాలి.

మోటారు గిర్రున తిరుగుతున్నా ఇంజిన్‌ కదలట్లేదంటే అది మెకానిక్‌ పనే.

రిలేకి స్క్రూడ్రైవర్‌ ఆనించి స్టార్ట్‌ చేసే వీధి చిట్కా మాత్రం వద్దు. నిప్పురవ్వలు లేస్తాయి, పక్కనే పెట్రోలు! బైకు గేర్లో ఉంటే ముందుకు దూకుతుంది కూడా. బటన్‌నీ 5 సెకన్లకు మించి నొక్కకండి, మోటారు వేడెక్కుతుంది.

కిక్‌రాడ్‌ ఉంటే సరేసరి. అది లేని కొత్త బళ్లవాళ్లు ఆ పూటకి ఆటో పిలవాల్సిందే.