రబ్బరు మొక్క

రబ్బరు మొక్క ఇళ్లలోను, కార్యాలయాలలోను కుండీలలో పెంచే ఒక అలంకరణ మొక్క. దీని శాస్త్రీయ నామం ఫైకస్ ఎలాస్టికా. ఇది మర్రి, రావి, మేడి చెట్లతో పాటు మోరేసి కుటుంబంలోని ఫైకస్ ప్రజాతికి చెందినది. కుండీలో రెండు మూడు మీటర్లకు మించకుండా పెంచగలిగే ఈ మొక్క అడవిలో 30 నుండి 40 మీటర్ల ఎత్తుకు ఎదిగే మహావృక్షం. దీనిని పెంచడంలో ఎదురయ్యే సమస్యలు చాలావరకు ఈ అటవీ స్వభావాన్ని గమనించకపోవడం వలన కలిగేవే.

పేరు - అపోహ

నేడు వాణిజ్యపరంగా వాడే సహజ రబ్బరు ఈ మొక్క నుండి లభించదు. కేరళ తోటలలో కనిపించే రబ్బరు చెట్టు హీవియా బ్రసీలియెన్సిస్. అది దక్షిణ అమెరికాకు చెందినది. ఆముదం మొక్క ఉన్న యూఫోర్బియేసి కుటుంబంలోనిది. అయితే ఫైకస్ ఎలాస్టికా పాల నుండి కూడా ఒకప్పుడు రబ్బరు తీసేవారు. దానిని అస్సాం రబ్బరు అని పిలిచేవారు. 1870వ దశకంలో అస్సాంలోని చార్‌దువార్ వద్ద ఈ చెట్లతో ప్రభుత్వం ఒక తోటను కూడా పెంచింది. హీవియా నుండి ఎక్కువ పాలు, మేలైన రబ్బరు లభించడంతో ఈ చెట్టుకు ఆ ప్రాధాన్యం తగ్గిపోయి, అలంకరణ మొక్కగా మాత్రమే మిగిలింది.

చరిత్ర

ఈ చెట్టును శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అధికారిగా వెళ్లకముందు సామర్లకోటలో పనిచేసి, కోరమాండల్ తీరపు మొక్కలను విస్తృతంగా అధ్యయనం చేశాడు. 1810వ సంవత్సరం చివరలో సిల్హెట్ నుండి ఆయనకు ఒక బుట్ట నిండా తేనె కానుకగా వచ్చింది. బెత్తులతో అల్లిన బుట్ట నుండి తేనె కారిపోకుండా ఉండటానికి కారణం, లోపలి వైపు ఒక చెట్టు పాలను పూయడమే. రాక్స్‌బర్గ్ తేనె కంటే ఆ పూతపైనే ఎక్కువ ఆసక్తి చూపి, ఆ చెట్టు ఏదో విచారించి తెలుసుకున్నాడు. ఆయన పెట్టిన పేరును డెన్మార్కు వృక్షశాస్త్రవేత్త హార్నెమన్ 1819లో ప్రచురించాడు. 19వ శతాబ్దంలో ఈ మొక్క ఐరోపా దేశాలకు చేరి, అక్కడి ఇళ్లలో కుండీ మొక్కగా ప్రచారం పొందింది.

సహజ ఆవాసం

ఈ చెట్టు తూర్పు హిమాలయ పాదప్రాంతాలు, అస్సాం, మేఘాలయ, మయన్మార్, మలయా ద్వీపకల్పం, సుమత్రా, జావా ప్రాంతాలలో సహజంగా పెరుగుతుంది. మర్రి వలెనే దీని విత్తనం తరచుగా మరొక చెట్టు కొమ్మల పంగలో మొలకెత్తుతుంది. అక్కడి నుండి వేళ్లను నేలకు దించి, క్రమంగా స్వతంత్ర వృక్షంగా మారుతుంది. మేఘాలయలో ఖాసీ, జైంతియా ప్రజలు ఈ వేళ్లనే వాగుల మీదుగా మళ్లించి సజీవ వంతెనలను పెంచుతారు. నోంగ్రియాట్ గ్రామంలోని రెండంతస్తుల వేళ్ల వంతెన వీటిలో ప్రసిద్ధమైనది. 2022లో ఈ వంతెనలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

లక్షణాలు

* ఆకులు దళసరిగా, మెరుస్తూ, అండాకారంలో 10 నుండి 35 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి.
* లేత ఆకు చుట్టుకొని ఒక ఎర్రని తొడుగులో దాగి ఉంటుంది. ఆకు విచ్చుకోగానే ఈ తొడుగు రాలిపోతుంది. దీనిని పువ్వుగా పొరబడేవారు ఉన్నారు.
* ఆకు పై బాహ్యచర్మం అనేక వరుసల కణాలతో ఏర్పడుతుంది. ఇందులోని కొన్ని పెద్ద కణాలలో ద్రాక్షగుత్తి ఆకారంలో కాల్షియం కార్బొనేటు నిల్వ ఉంటుంది. దీనిని సిస్టోలిత్ అంటారు. వృక్షశాస్త్ర ప్రయోగశాలలలో దీనిని చూపడానికి ఈ ఆకునే ఎక్కువగా వాడతారు.
* కాండాన్ని గాని ఆకును గాని తుంచితే తెల్లని పాలు కారుతాయి.
* పూలు మర్రిలో వలె కాయవంటి నిర్మాణం లోపల ఉంటాయి. పరాగసంపర్కానికి ఒక ప్రత్యేక జాతి చిన్న కందిరీగ అవసరం. ఇంటిలో పెంచే మొక్కలు సాధారణంగా పూయవు.

రకాలు

వెడల్పైన ఆకులు గల డెకోరా, రోబస్టా రకాలు సర్వసాధారణం. బర్గండీ రకం ఆకులు ముదురు ఎరుపు కలిసిన నలుపు రంగులో ఉంటాయి. టినెకె రకం ఆకులపై లేత పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలిసి ఉంటాయి. మచ్చల రకాలకు పత్రహరితం తక్కువ గనుక వెలుతురు ఎక్కువ కావలెను. వీటిలో పూర్తి ఆకుపచ్చ కొమ్మ వస్తే దానిని తొలగించవలెను. లేనిచో అదే వేగంగా పెరిగి మొక్కనంతా ఆక్రమిస్తుంది.

పెంపకం

వెలుతురు, ఉష్ణోగ్రత

ప్రకాశవంతమైన వెలుతురు, ఉదయపు లేత ఎండ ఈ మొక్కకు అనుకూలం. నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టరాదు. తెలుగు ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల పడమటి ఎండ ఆకులను మాడ్చివేస్తుంది. 15 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో మొక్క బాగా పెరుగుతుంది. 10 డిగ్రీల కంటే తగ్గితే ఆకులు రాలుతాయి. కావున ఆదిలాబాదు, లంబసింగి వంటి చోట్ల చలికాలంలో రాత్రివేళ దీనిని ఇంటి లోపల ఉంచవలెను. ఎయిర్ కండిషనర్ గాలి నేరుగా తగిలే చోటు కూడా తగదు.

నీరు

కుండీలోని రబ్బరు మొక్కలు చనిపోవడానికి ప్రధాన కారణం నీటి కొరత కాదు, నీరు ఎక్కువ కావడం. చెట్టు పంగలో జీవితం మొదలుపెట్టే ఈ మొక్క వేళ్లకు తడితో పాటు గాలి కూడా అవసరం. మట్టి ఎల్లప్పుడూ తడిగా ఉంటే రంధ్రాలలో గాలి లేక వేళ్లు కుళ్లిపోతాయి. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేవు గనుక ఆకులు వాడిపోయినట్లు కనబడతాయి. అది చూసి మరింత నీరు పోస్తే నష్టం పెరుగుతుంది.

ఇన్ని రోజులకు ఒకసారి అనే లెక్క కంటే మట్టిని పరీక్షించడం మేలు. పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఆరిన తరువాత, కుండీ అడుగు నుండి నీరు కారేంతవరకు పోసి, కింది పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. చలికాలంలోను, ముసురు పట్టిన రోజులలోను నీరు తగ్గించాలి.

మట్టి, ఎరువు

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన మిశ్రమం సరిపోతుంది. బంకమట్టి అయితే కొబ్బరిపొట్టు కలిపి గుల్లగా చేయాలి. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. ఎదిగే కాలంలో నెలకు ఒకసారి కొద్దిగా వర్మీకంపోస్టు వేయవచ్చు. వేళ్లు రంధ్రంలోంచి బయటకు వచ్చినప్పుడు కొంచెం పెద్ద కుండీలోకి మార్చాలి. మరీ పెద్ద కుండీలో మట్టి త్వరగా ఆరదు గనుక వేళ్లు కుళ్లే ప్రమాదం ఉంది.

ఆకుల శుభ్రత, కత్తిరింపు

ఆకులపై దుమ్ము పేరుకుంటే వెలుతురు అందడం తగ్గుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. మెరుపు కోసం నూనె రాయరాదు, అది పత్రరంధ్రాలను మూసివేస్తుంది. చివరి మొగ్గను కత్తిరిస్తే పక్కకొమ్మలు వచ్చి మొక్క గుబురుగా పెరుగుతుంది.

ప్రవర్ధనం

గాలి అంటు పద్ధతి నమ్మకమైనది. కాండంపై రెండు మూడు సెంటీమీటర్ల మేర బెరడును ఉంగరంలా తీసి, ఆ భాగం చుట్టూ తడి నాచును గాని కొబ్బరిపొట్టును గాని ఉంచి పాలిథీను కాగితంతో కట్టాలి. నాలుగు నుండి ఎనిమిది వారాలలో వేళ్లు వస్తాయి. తరువాత వేళ్ల కిందుగా కోసి కుండీలో నాటాలి. ఒకటి రెండు ఆకులు గల కొమ్మ ముక్కలను కూడా నాటవచ్చు. కణుపు లేని ఒంటి ఆకును నాటితే వేళ్లు రావచ్చును గాని, మొగ్గ ఉండదు గనుక అది మొక్కగా ఎదగదు.

సమస్యలు

* కింది ఆకులు పసుపు రంగుకు మారి రాలడం: నీరు ఎక్కువ కావడం.
* ఆకులు అకస్మాత్తుగా రాలడం: చోటు మార్చడం, చలిగాలి తగలడం.
* కణుపుల మధ్య దూరం పెరిగి మొక్క సన్నగా సాగడం: వెలుతురు చాలకపోవడం.
* ఆకులపై ఎండిన మచ్చలు: ఎండ దెబ్బ.
* ఈనెల వద్ద తెల్లని దూది వంటి పదార్థం: పిండినల్లి. స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి చల్లాలి. పొలుసు పురుగులకు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

జాగ్రత్తలు

ఈ మొక్క పాలు చర్మానికి, కళ్లకు మంట కలిగిస్తాయి. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు ధరించాలి. పిల్లులు, కుక్కలు ఆకులను నమిలితే నోటిలో మంట, వాంతులు కలుగుతాయి. చిన్నపిల్లలకు అందకుండా ఉంచాలి.

పెద్దదైన మొక్కను ఇంటి గోడ పక్కన నేలలో నాటడం ప్రమాదకరం. మర్రి వలె దీని వేళ్లు దూరంగా వ్యాపించి పునాదులను, ప్రహరీలను, మురుగు గొట్టాలను దెబ్బతీస్తాయి. నేలలో నాటదలచినచో కట్టడాలకు దూరంగా విశాలమైన స్థలం ఉండాలి.

గాలి శుద్ధి

రబ్బరు మొక్క గదిలోని గాలిని శుద్ధి చేస్తుందని ప్రచారంలో ఉంది. మూసిన చిన్న గదులలో జరిపిన ప్రయోగాలు దీనికి ఆధారం. అయితే సాధారణ భవనాలలో గాలి మారడం వలన కలిగే శుద్ధితో సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు అవసరమని 2019లో ప్రచురితమైన ఒక సమీక్ష తేల్చింది. కావున కిటికీలు తెరవడానికి మొక్క ప్రత్యామ్నాయం కాదు.

ఇవి కూడా చూడండి

* మర్రి
* రావి
* మేడి
* రబ్బరు