మీకు తెలుసా? 30 డాలర్ల కుర్రాళ్లు కట్టిన పార్కులు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తే సెలవు రోజున ఏదో ఒక స్టేట్ పార్కు చూపిస్తారు. అక్కడి రాతి మెట్లు, వంతెనలు, కాటేజీలు చాలాచోట్ల ఆకలి రోజుల్లో కట్టినవని మీకు తెలుసా?

1933లో ఆ దేశంలో పని కావాల్సిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. మార్చి 4న అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆ నెల తిరక్కుండానే, కుర్రాళ్లకు అడవుల్లో, పార్కుల్లో పని ఇచ్చే సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (సీసీసీ)కి చట్టం తెచ్చారు. ఏప్రిల్‌లో వర్జీనియా అడవుల్లో మొదటి శిబిరం వెలిసింది. మొదట్లో 18-25 ఏళ్ల పెళ్లికాని కుర్రాళ్లను తీసుకున్నారు. తిండి, బట్టలు, బస, వైద్యం ఉచితం. జీతం నెలకు 30 డాలర్లు. అందులో 25 డాలర్లు సాధారణంగా ఇంటికే వెళ్లేవి. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. కొడుకు అడవిలో రాళ్లు మోస్తుంటే ఊళ్లో తల్లి పొయ్యి వెలిగేది.

మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఆస్టిన్‌కు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని బాస్ట్రాప్ స్టేట్ పార్కు ఈ కుర్రాళ్ల చేతిపనే. దగ్గర్లో దొరికిన ఇసుకరాయితో, కలపతో పైన్ చెట్ల మధ్య కాటేజీలు కట్టారు. కుర్చీలు, బల్లలు కూడా అక్కడి వర్క్‌షాపులోనే చేశారు. వేరే పార్కులకూ ఇక్కణ్నుంచే సామాను వెళ్లింది. పని తెలియకుండా వచ్చిన కుర్రాళ్లకు అనుభవమున్న స్థానిక మేస్త్రీలు దగ్గరుండి నేర్పారు.

ఒక మచ్చ మాత్రం చెప్పి తీరాలి. నల్లజాతి యువకులను చేర్చుకున్నా, చాలావరకు వేరే శిబిరాల్లో ఉంచారు. ఆడపిల్లలకైతే ఇందులో చోటే లేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1942లో శిబిరాలు మూతపడ్డాయి. అప్పటికి సుమారు 30 లక్షల మంది పనిచేశారు. దాదాపు 300 కోట్ల మొక్కలు నాటారు. 800కు పైగా పార్కులకు రూపమిచ్చారు.

2011 సెప్టెంబరులో కార్చిచ్చు బాస్ట్రాప్ పార్కును దాదాపు అంతా చుట్టేసింది. అగ్నిమాపక సిబ్బంది కష్టపడి ఆ రాతి కాటేజీలను కాపాడారు. ఇప్పటికీ వాటిని అద్దెకిస్తారు. ఆస్టిన్ వెళ్తే ఒక రాత్రి అక్కడ ఉండి రండి, వాటిని ఎవరు కట్టారో మనవలకూ చెప్పండి.