కిక్కు కొట్టే ముందు ఎడమ చేతి మీట చూసుకోండి

పాత బుల్లెట్ కిక్కు ఎదురు తన్నిందంటే చీలమండ విరిగే ప్రమాదముంది. అందుకే హ్యాండిలుకు ఎడమ వైపు చిన్న డీకంప్రెషర్ మీట పెట్టారు. కిక్కు బిగిసినచోట ఈ మీట నొక్కి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కొంచెం తొక్కాలి. మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు గట్టిగా కొట్టాలి.

మీట తీగ మరీ బిగువుగా ఉంటే లోపలి వాల్వు పూర్తిగా మూసుకోదు. గ్యాసు కారి బండి లాగదు, వేడికి వాల్వూ కాలుతుంది. కాబట్టి తీగకు కాస్త వదులుండాలి. వదులున్నా బుస్సుమంటుంటే, ఇంజను చల్లారాక వాల్వు చుట్టూ సబ్బునీళ్లు పోసి కిక్కును మెల్లగా తొక్కండి. బుడగలొస్తే విప్పించి, మసి తీయించి, గ్రైండింగ్ పేస్టుతో రుద్దించాలి. గుంటలు పడితే కొత్తది వేయించడమే. కొందరు మెకానిక్కులు దాన్ని పీకేసి బోల్టు బిగిస్తారు. బండి నడుస్తుంది, నిజమే. కాలికి మాత్రం ఆ కాపు ఉండదు.